భుజం మీద చెయ్యి

సూరయ్య తెచ్చిన ఫోటో పాత పంచెలో చుట్టి ఉంది. బల్ల మీద పెట్టి, ముడి సగం విప్పి, వీధి వైపు చూసి మళ్ళీ కప్పేశాడు.

“తలుపు కాస్త దగ్గరగా వేస్తారా చెల్లెమ్మగారూ?”

సుధామణి లేచి తలుపు ఓరగా వేసింది. బయట బందరు రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీ వైపు బారులు తీరి ఉన్నాయి. డిసెంబరు వచ్చిందంటే ఉయ్యూరులో ఎన్ని తలుపులు మూసినా ఆ తియ్యటి పులుపు వాసన లోపలికి వస్తూనే ఉంటుంది.

మణి స్టూడియోలో తలుపు వెయ్యమనేవాళ్ళు రెండు రకాలు. ఒకరు పాస్‌పోర్టు ఫోటోకి పైట సర్దుకోవలసిన ఆడవాళ్ళు. రెండోవాళ్ళు ఫోటోలోంచి ఎవరినో తీయించడానికి వచ్చినవాళ్ళు. విడిపోయిన కోడలు, విందులో అలిగి వెళ్ళిపోయిన బావ, గట్టు తగాదా పడ్డ పినతండ్రి. కంప్యూటరు వచ్చాక వీళ్ళ తాకిడి పెరిగింది. అంతకుముందు ఎవరింట్లో వాళ్ళు కత్తెరతో కానిచ్చుకునేవాళ్ళు.

“ఎవర్ని తియ్యాలండీ?” కంప్యూటరు మీంచి తల తిప్పకుండానే అడిగాడు ఆమె భర్త హేమసుందర్.

“తియ్యడం కాదు మాస్టారూ. పెట్టాలి.”

హేమసుందర్ కుర్చీ ఇటు తిరిగింది. సూరయ్య పంచె పూర్తిగా తీశాడు. చెక్క ఫ్రేములో పెద్ద ఫోటో. కుర్చీలో ఒక నడివయసు తల్లి, మోకాళ్ళ మీద రెండు చేతులూ బోర్లించి, కెమెరా వంక కోపంగా చూస్తోంది. ఆమె వెనక పాతికేళ్ళ సూరయ్య. అతని పక్కన, మనిషి ఎత్తున, రంగురంగుల క్రోటన్ కుండీ.

“మనం చేసిందే!” హేమసుందర్ మొహం వెలిగింది. “చూశావా మణీ, కుండీ ఎంత బాగా కుదిరిందో. అతుకు కనపడుతోందా ఎక్కడన్నా?”

“కనపడకపోవడంతోనే వచ్చింది చిక్కు ఇప్పుడు,” అన్నాడు సూరయ్య. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బందరులో చేపల వ్యాపారం. కూర్చున్నచోట చేతులు ఊరుకోవు. పంచెను నాలుగు మడతలు పెట్టాడు, విప్పాడు, మళ్ళీ పెట్టాడు. “మా అమ్మకి శుక్లాలు కదండీ. ఫోటో పెద్దది చేయించానంటే సంబరపడిపోయింది. రోజూ పొద్దున్నే వచ్చి అద్దం మీద చెయ్యేసి, ‘వీడు సూరిగాడు, వీడు నాగబాబు’ అనుకుంటది.”

“నాగబాబు ఏడి ఇందులో?”

“ఆ కుండీ అండీ.”

హేమసుందర్‌కి నవ్వు వచ్చింది. సుధామణి మొహం చూసి దాన్ని దగ్గులో కలిపేశాడు.

“కుండీని నిమురుద్దండి,” అన్నాడు సూరయ్య తల వంచుకుని. “ఇంట్లో అందరం చూస్తానే ఉన్నాం. ఎవరం చెప్పలా. ఇప్పుడు బెజవాడలో మా చెల్లెలింట్లో ఉంది. ఆపరేషనయింది. క్యాలెండర్లో అమ్మవారి ముక్కుపుడక కూడా కనపడుతోందంట. సోమవారం ఇంటికి తీసుకొస్తున్నాం.”

“తమ్ముడితో మాటలు కలిసినయ్యా మరి?” సుధామణి అడిగింది.

“మాటలు వేరు, ఫోటో వేరండీ.” సూరయ్య గొంతు కొంచెం గట్టిపడింది. “నాన్న బోటు నేను అమ్మేశానని వాడు రోడ్డు మీద నిలబడి నానా మాటలన్నాడు. అమ్మక ఏం చేస్తాను, అడుగు చెక్కలు పుచ్చిపోతే? వాడు బెజవాడ అవతల ఇబ్రహీంపట్నంలో, ఆ కరెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం చూసుకుని పోయాడు. పోనీండి. కానీ అమ్మ సోమవారం వచ్చి ఆ గోడ వంక చూస్తది. అప్పటికి వాడు అందులో ఉండాలి.”

“అసలు ఫోటో ఉందా మీ దగ్గర?”

“ఆ కోపంలో చించి కాలవలో పారేశా.”

నెగెటివ్ సంగతి అడగక్కర్లేదు. ఆ ఫోటో హేమసుందర్ ఇదే గదిలో తీశాడు. ఆనాటి నెగెటివ్‌లన్నీ డెల్టా తేమకి ఒకదానికొకటి అతుక్కుని అప్పడాల కట్టలా తయారయితే కిందటేడు బయట పడేశారు.

“ఏం కంగారు లేదు, కంప్యూటర్లో ఉంటుంది,” అంటూ హేమసుందర్ సొరుగులోంచి చిటికెనవేలంత ప్లాస్టిక్ ముక్క తీసి కంప్యూటరు వెనక గుచ్చాడు. అది పిక్స్‌రాజా సాఫ్ట్‌వేర్‌కి తాళం. అది గుచ్చితేనే రాజావారు లేస్తారు. తెర మీద బంగారు కిరీటం గిర్రున తిరిగింది. తర్వాత ఎర్ర డబ్బా ఒకటి వచ్చి నిలబడింది.

గడువు ముగిసిందట. ఏడాది చందా మళ్ళీ కడితేగాని లోపలున్న ఫోటోలు తెరుచుకోవట.

“మన ఫోటోలే కదా?” సుధామణి మెల్లగా అంది.

“మనవే. తలుపు వాళ్ళది.” హేమసుందర్ తాళం పీకి, ఊది, మళ్ళీ గుచ్చాడు. మళ్ళీ కిరీటం, మళ్ళీ ఎర్ర డబ్బా. “ఇది అమ్మిన తిరుపతిరావుకి ఫోన్ చేస్తాలెండి. మీరు శనివారం సాయంత్రం రండి సూరయ్యగారూ. చేసి ఉంచుతాం.”

ఫ్రేము అక్కడే వదిలి సూరయ్య వెళ్ళాడు. సుధామణి మెట్ల మీదికి వచ్చి నిలబడింది. వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, బస్సెక్కేదాకా చూడకపోతే ఆమెకి లోపల పని సాగదు. స్టూడియో ఉన్న వైపే బందరు బస్సులు ఆగుతాయి. ఎదర వైపు, కొబ్బరిబోండాల బండి దగ్గర, బెజవాడ వెళ్ళేవి. బందరు బస్సు వచ్చింది. సూరయ్య ఫుట్‌బోర్డు మీంచి వెనక్కి తిరిగి, ఆమె అక్కడే ఉందని చూసి, చెయ్యి ఊపాడు.

ఆమె ఊపలేదు. నాగబాబు సంగతి ఆలోచిస్తోంది.

సూరయ్య కుండీ పెట్టించుకుని వెళ్ళిన కొద్ది నెలలకి ఒక మధ్యాహ్నం నాగబాబు వచ్చాడు. హేమసుందర్ మైలవరంలో పెళ్ళి తియ్యడానికి వెళ్ళాడు. చొక్కా మడతల్లో ఫ్యాక్టరీ బూడిద, చంకలో వార్తాపత్రికలో చుట్టిన ఫోటో. అదే తల్లి, అదే కుర్చీ, వెనక అన్నదమ్ములిద్దరూ. వెనక మణి స్టూడియో ముద్ర.

“తలుపు కాస్త వేస్తారా అక్కా?” అన్నాడు. “అన్నయ్యని తీసెయ్యండి. అమ్మని చూద్దామని తల ఎత్తితే ముందు ఆయన మొహమే కనపడుతోంది. అన్నం దిగట్లేదు.”

ఆమెకి పిక్స్‌రాజా పట్టుబడలేదు. పాత సాఫ్ట్‌వేర్‌లోనే చేసింది. బెజవాడలో డబ్బాతో సహా ఒక్కసారి కొన్నది, తాళాలూ గడువులూ లేనిది. అందులో మనిషిని తుడిచెయ్యదు ఆమె. ఆ మనిషి మీద వెనక తెర రంగు ఇంకో పొరగా పరుస్తుంది, పడుకున్నవాళ్ళకి దుప్పటి కప్పినట్టు. పొర ఎత్తితే కిందివాళ్ళు అలాగే ఉంటారు. కోడలు పోయిన చోట కోడలు, బావ పోయిన చోట బావ. తీసేశాను అనదు, పక్కన పెట్టాను అంటుంది. నాగబాబు ఎంతవరకు తియ్యమన్నాడో అంతవరకే కప్పింది. డబ్బులిస్తూ, “అన్నయ్యకి మాత్రం తెలియనివ్వకండి,” అన్నాడు.

కుండీ పెట్టించుకున్ననాడు సూరయ్య కూడా అదే మాట అన్నాడు, తమ్ముడి గురించి.

అన్నం దగ్గర ఆ సంగతి భర్తకి చెప్పింది.

“ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?”

“వాళ్ళు చెప్పొద్దన్నారుగా.”

“అన్నకి చెప్పొద్దన్నాడు. మొగుడికి చెప్పొద్దన్నాడా?” హేమసుందర్ మజ్జిగ పోసుకున్నాడు. “సరే, ఇంకేం. అది తెరువు, దుప్పటి ఎత్తు, ప్రింటు కొట్టు. అయిపోయింది.”

“ఎక్కడినుంచి వచ్చిందని ఆయన అడిగితే?”

“కంప్యూటర్లోంచి అంటాం.”

“తెరుచుకోదని ఇందాక ఆయన ముందే అన్నారు మీరు. తమ్ముడు కూడా వచ్చి నన్ను తీయించాడా అని తెలిస్తే ఇక ఈ జన్మలో కలవరు. ఇప్పుడు ఆయన కాస్త మెత్తబడ్డాడు. నా చేతులారా పాడుచెయ్యనా?”

“అయితే ఏడాదికి కట్టేద్దాం. ఆయన ఫైలు ఆయనకి తెరిచి ఇద్దాం. గుట్టు గుట్టుగానే ఉంటుంది.”

సుధామణి కంచంలో మెతుకులు ఒక పక్కకి చేర్చింది. కట్టాలనే అతనికి లోపల ఉంది, ఆమెకి తెలుసు. కొత్త కెమెరా వచ్చాక ఒక్కో పెళ్ళికి వేలల్లో ఫోటోలు తెస్తున్నాడు. పాత సాఫ్ట్‌వేర్ వాటి ముందు ఎడ్లబండిలా మూలుగుతోంది. ఏదో ఒకటి కొత్తది కావలసిందే. రాజావారిని మళ్ళీ లేపడమా, ఇంకోటి తేవడమా అన్నదే తేలలేదు.

శుక్రవారం తిరుపతిరావు వచ్చాడు. తెల్లచొక్కా, మెళ్ళో కంపెనీ కార్డు, తోలు సంచి. మనిషి మంచివాడే, రాగానే చెప్పులు బయట విప్పి, “అమ్మా, మీ చేతి టీ కోసమే బెజవాడలో తాగకుండా వచ్చాను,” అంటాడు.

టీ తాగి తన దగ్గరున్న తాళం గుచ్చాడు. కిరీటం తిరిగింది, తలుపు తెరుచుకుంది. లోపల ఫోటోలన్నీ తారీఖుల వారీగా వరసలు కట్టి ఉన్నాయి.

“చూశారా ఎంత శుభ్రంగా సర్దిందో.”

“ఎప్పుడో తీసిన పాత ఫోటోలన్నీ నిరుడు డిసెంబరులో పెట్టిందేమిటండీ?” సుధామణి కళ్ళజోడు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది.

“మీరు స్కాన్ చేసిన తారీఖమ్మా అది.”

“మా వాళ్ళు తారీఖు చెప్పరండీ. మా చిన్నాడపడుచు ఎర్ర జాకెట్టు వేసుకున్న ఫోటో అంటారు.”

తిరుపతిరావు నవ్వి, వెతికి, సూరయ్య ఫోటో పట్టుకున్నాడు. తల్లి, సూరయ్య, కుండీ. ఇటు నొక్కాడు, అటు నొక్కాడు. నవ్వు తగ్గింది.

“సార్, మొదట్లో ‘ఆటో క్లీన్’ అని అడిగినప్పుడు అవునని పెట్టారా?”

“శుభ్రం చేస్తానంటే వద్దంటామా?” అన్నాడు హేమసుందర్.

“డిస్కు నిండకుండా అసలు ఫోటోలు తీసేసి, బాగుచేసినవే ఉంచిందండి. ఇదే ఉంది. ఆ రెండో ఆయన లేడు.”

హేమసుందర్ తెరకి దగ్గరగా వంగాడు. వేలితో కుండీ మీద తట్టాడు, వెనకనుంచి ఎవరన్నా పలుకుతారేమో అన్నట్టు. తన చేత్తో తీసిన ఫోటో. ఆ కుర్రాడికి అప్పటికి మీసాలు కూడా సరిగా రాలేదు, నవ్వొద్దంటే నవ్వాడు, అది కూడా గుర్తుంది అతనికి.

“పోయిన మనుషుల్ని మళ్ళీ పెట్టమని ఎవరడుగుతారమ్మా?” తిరుపతిరావు నిజంగానే ఆశ్చర్యపోయాడు. “హైదరాబాదులో ఇన్ని స్టూడియోలకి ఇచ్చాను. ఒక్కరూ అడగలా.”

“హైదరాబాదులో పోట్లాడుకుంటే మళ్ళీ ఎదురుపడరేమోనండి. ఇక్కడ సంతలో ఎదురుపడాలి, చావులో ఎదురుపడాలి. ఎప్పటికో అప్పటికి కలుస్తారు.” సుధామణి గ్లాసులు తీసింది. “కాకపోతే మా వాళ్ళ పోట్లాటలు ఏడాదిలో తీరవు. మీ గడువేమో ఏడాది.”

“కేబుల్ టీవీకి కట్టట్లేదా అమ్మా?”

“కట్టకపోతే రేపటి సీరియల్ రాదు. నిన్నటిది వచ్చి నా బుర్రలోంచి తీసుకుపోరుగా!”

హేమసుందర్ గట్టిగా నవ్వాడు. తిరుపతిరావు కూడా నవ్వక తప్పలేదు.

“ఒక్కసారి కొనుక్కుని మనదే అనుకునేది ఏదీ లేదా మీ సంచిలో?”

“ఒకటుంది.” అతను సంచి అడుగునుంచి ఒక సీడీ డబ్బా పైకి తీశాడు, పెళ్ళి కుదరని కూతుర్ని చూపించినట్టు. “కొత్త కెమెరాల ఫోటోలు తెరుస్తుంది, పొరలు దాచుకుంటుంది. కానీ తెలివి తక్కువ దీనికి. ఒక్క నొక్కుతో మనుషుల్ని తియ్యదు. సర్దడం కూడా రాదు. పేర్లన్నీ మీరే పెట్టుకోవాలి.”

“పేర్లు నేను పెట్టుకుంటాను,” అంది సుధామణి.

హేమసుందర్ డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, రేపు ఫోన్ చేస్తానన్నాడు.

శనివారం పొద్దున కరెంటు రాగానే సుధామణి పాత కంప్యూటరు ముందు కూర్చుంది. అది ఊపిరి తీసుకుంటూ లేచేలోగా సూరయ్య ఫ్రేము అద్దం తుడిచింది. మధ్యలో, ఒకేచోట, అద్దం మసకగా ఉంది. వేళ్ళ జిడ్డు. క్రోటన్ ఆకుల మీద, ఒక మనిషి బుగ్గ ఉండే ఎత్తులో. ఆ మసక మాత్రం తుడవబుద్ధి కాలేదు.

ఇక వేరే దారి లేక నాగబాబు ఫైలు తెరిచింది. అన్న తెర మీదికి ఇంకా రాలేదు, దుప్పటి కిందే ఉన్నాడు. తల్లి, నాగబాబు. పొర ఎత్తడానికి మౌసు మీద చెయ్యి వేసింది.

“ఐసు లారీ ఇటు వస్తుంటే దానెక్కి వచ్చేశా చెల్లెమ్మగారూ. సాయంత్రందాకా ఆగలేక…”

సూరయ్య ఆమె వెనకే ఉన్నాడు. ఆమె లేచి తెరకి అడ్డం నిలబడబోయింది. కుర్చీ చక్రానికి చీర చెంగు చిక్కింది. వంగి దాన్ని విడిపించుకునేలోగా అతను చూశాడు.

“నాగబాబు,” అన్నాడు మొదట సంతోషంగా. “దొరికాడన్నమాట.” తర్వాత, “నేనెక్కడండీ?”

వెనక గదిలోంచి హేమసుందర్ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. రోడ్డు మీద ట్రాక్టరు ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది.

“ఇది నేను చేయించింది కాదు.” సూరయ్య ఆమె వైపు తిరిగాడు. “వాడూ వచ్చాడా?”

సుధామణికి అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది. అది బయటికి వచ్చాక ఎటు తిరుగుతుందో అని భయమేసి మింగేసింది.

“వచ్చాడండీ.”

“నన్ను తీసెయ్యమన్నాడు.”

“అవునండీ.”

“నేను తీయించానని తెలిసి చేశాడా?”

“తెలీదు. మీకు చెప్పొద్దన్నాడు. మీరూ అదే అన్నారు. ఇద్దరి మాటా నిలబెట్టలేకపోయాను. నన్ను…”

సూరయ్య వినడం లేదు. తల ఊపుతున్నాడు, అనుకున్నంతా అయిందన్నట్టు. పంచె ముడి విదిలించి ఫ్రేము అందుకోబోయాడు. అంతలో ఆగి తెరకి దగ్గరగా వంగాడు. ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా.

“ఆ భుజం మీద ఏవిటది?”

నాగబాబు ఎడమ భుజం మీద, చొక్కా కుట్టు దగ్గర, నాలుగు వేళ్ళున్నాయి. ఆ వేళ్ళు ఎవరివో చెప్పడానికి వెనక మనిషి లేడు. మెడ వెనకనుంచి వచ్చి అవతలి భుజాన్ని పట్టుకున్న వేళ్ళు. చిటికెన వేలు కొస దగ్గర లోపలికి వంకర తిరిగి ఉంది.

సూరయ్య తన ఎడమ చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. వలతాడు పడి విరిగిన వేలు. ఇప్పటికీ అదే వంకర.

“ఇది తియ్యడం మర్చిపోయారా?”

“మర్చిపోలేదండీ. తియ్యబోతే వద్దన్నాడు.”

“వద్దన్నాడా?”

“అది ఉండనివ్వండక్కా అన్నాడు. చెయ్యి ఎవరిదని చూసినవాళ్ళు అడుగుతారు నాయనా అన్నాను. అడిగితే అడగనివ్వండి, చెయ్యి లేకపోతే నేను పడిపోతానేమో అనిపిస్తోంది అన్నాడు. నవ్వుతూనే అన్నాడండీ.”

సూరయ్య స్టూలు కోసం వెనక్కి తడుముకున్నాడు. హేమసుందర్ దాన్ని అతని కిందికి జరిపాడు. కూర్చుని తెర వంక చూశాడు. తర్వాత బల్ల మీదున్న తన ఫ్రేము వంక చూశాడు. అందులో అతని ఎడమ చెయ్యి భుజం దగ్గర బయల్దేరి కుండీ వెనక్కి పోయింది. అక్కడినుంచి ఎటూ రాలేదు.

“నా దాంట్లో వాడిదేమన్నా మిగిలిందాండీ?” అని అడిగాడు.

“లేదండీ,” అన్నాడు హేమసుందర్. “అది శుభ్రంగా తీసేసింది. తప్పు నాదే. అడిగినదానికల్లా అవునని నొక్కాను.”

“మీరేం చేస్తారు లెండి. ఏమన్నా మిగల్చమని నేను అన్లేదుగా.” అద్దం మీది మసకని బొటనవేలితో తాకాడు. “వాడూ పోయాడు, నా చెయ్యీ పోయింది.”

సుధామణి మౌసు నొక్కింది. పొర లేచింది. పాతికేళ్ళ సూరయ్య తమ్ముడి పక్కకి వచ్చి నిలబడ్డాడు, మధ్యాహ్నం నిద్రలోంచి లేచి వచ్చినవాడిలా. నాలుగు వేళ్ళకీ చెయ్యి వచ్చింది, చేతికి మనిషి వచ్చాడు. కుర్చీలో తల్లి మంగాయమ్మ అప్పుడూ ఇప్పుడూ ఒకేలా కోపంగా ఉంది.

“ఆవిడకి ఆ రోజు కోపం దేనికి?” హేమసుందర్ అడిగాడు, ఏదో ఒకటి అనాలని. “ఎంత నవ్వమన్నా నవ్వలేదు.”

“ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుద్దని. మన ముగ్గురి ఆయుష్షూ ఒక్కసారే తీయిస్తున్నావా అని దారి పొడుగునా తిట్టింది నన్ను.” సూరయ్య మొహం తుడుచుకున్నాడు. “ఇది పెద్దది చెయ్యండి. ఇదే ఫ్రేములో బిగించండి. ఇలాంటిదే ఇంకోటి కూడా తియ్యండి, చేతిలో పట్టుకునేంత.”

ప్రింటరు బొరబొరమంటూ మొదట గోడ రంగు, తర్వాత రెండు తలలు, తర్వాత భుజాలు బయటికి తోసింది. సుధామణి కాగితం అంచులు పట్టుకుని, పూర్తయ్యేదాకా కింద చెయ్యి ఆనించి నిలబడింది. హేమసుందర్ మేకులు పీకి కుండీ ఫోటో బయటికి లాగాడు. దాన్ని సుధామణే తీసుకుని బీరువాలో పడుకోబెట్టింది.

“ఆ రాజావారి తాళం తిరుపతిరావుకి ఇచ్చేద్దాం,” అన్నాడు హేమసుందర్ ఆఖరి మేకు కొడుతూ. “ఆ తెలివితక్కువదే పంపమంటాను.”

ఆమె తల ఊపింది. ఆమె చూపు గుమ్మం వైపు ఉంది. సూరయ్య పంచెలో పెద్ద ఫోటో చుట్టుకుంటున్నాడు. చిన్నదాన్ని మాత్రం అందులో పెట్టలేదు, చొక్కా లోపల దోపుకున్నాడు.

“తమ్ముడితో అంటారాండీ, నేను చూపించానని?” ఆఖరికి అడిగేసింది. ఆ భయం ఆమెని పొద్దుటినుంచీ వదల్లేదు.

“ఏమంటానో నాకే తెలీదు చెల్లెమ్మా.”

అతను మెట్లు దిగాడు. ఆమె ఎప్పటిలాగే బయటికి వచ్చి నిలబడింది. బందరు బస్సు దూరంగా వంతెన దిగుతోంది. ఫ్రేముకి అద్దముంది, రద్దీలో ఎవరన్నా మోచెయ్యి పెడితే పగులుతుంది, కిటికీ పక్కన కూర్చోమని చెప్పాల్సింది అనుకుంది. చెబుదామని ఒక మెట్టు దిగింది కూడా.

బస్సు వచ్చి ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు. కండక్టరు బయటికి తొంగి చూసి, తలుపు మీద రెండుసార్లు కొట్టాడు. బస్సు కదిలి వెళ్ళిపోయాక ఇవతల ఎవరూ లేరు.

సూరయ్య రోడ్డు అవతల ఉన్నాడు. కొబ్బరిబోండాల బండి నీడలో, ఫోటోని పసిపిల్లలా కుడిచంకన పెట్టుకుని, ఎడమ చేత్తో బెజవాడ బస్సుని ఆపుతున్నాడు.